పంటకు పనికిరాని నేల, ఆటకు పనికొచ్చింది

మైదానాల చరిత్ర: ధారావాహిక

గత భాగాన్ని స్కాట్లండ్ తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ దగ్గర ముగించాం. సముద్రానికీ సాగు పొలాలకూ నడుమ ఇసుక మేటల మీద గోల్ఫ్ పెరిగిన తీరు, 1764లో అక్కడి 22 హోల్స్‌ను 18కి కుదించిన సంగతి, ఆ 18 అనే అంకె తరవాత లోకమంతటికీ లెక్కగా స్థిరపడిన వైనం చూశాం. ఈ భాగంలో ఆట సముద్రాన్ని వదిలి లోపలికి వస్తుంది. వచ్చాక చాలాకాలం అవస్థ పడుతుంది. చివరికి దానికి తగిన చోటు దొరికింది ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో, నాగలి ఒప్పుకోని ఒక బీడు మీద. ఆ ఊరి పేరు వోకింగ్.

గోల్ఫ్ ఆడని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. బంతిని మొదట కొట్టే చోటు టీ. బంతి పడాల్సిన పొట్టి గడ్డి దారి ఫెయిర్‌వే. చివర హోల్ ఉండే నున్నటి పచ్చిక గ్రీన్. దారిలో కాచుకుని కూర్చునే ఇసుక గుంట బంకర్. ఈ కథంతా ఒక బంకర్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ చివరి మాటను గుర్తుంచుకోండి.

బంకమన్ను మీద బాధ

19వ శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో ఇంగ్లండ్‌కు గోల్ఫ్ పిచ్చి పట్టింది. తరవాత ప్రధానమంత్రి అయిన ఆర్థర్ బాల్ఫోర్ లాంటి పెద్దమనిషి చేతిలో కర్రలు పట్టుకుని తిరగడం చూసి, న్యాయవాదులూ బ్యాంకు ఉద్యోగులూ వైద్యులూ ఆయన వెంటపడ్డారు. ఆడాలన్న కోరిక లండన్‌లో దండిగా ఉంది. లేనిదల్లా నేలే. నగరం చుట్టూ ఉన్నది బంకమన్ను. దాని గుణం అచ్చం మన నల్లరేగడిదే: వానకు కాలు దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అలాంటి నేల మీద గడ్డి వేసవిలో ఏపుగా పెరిగి బంతిని మింగేస్తుంది. చలికాలంలో పడ్డ బంతి పడ్డచోటే బురదలో కూరుకుపోతుంది. తీరపు ఇసుక మీద బంతి పడి, దొర్లి, ఎక్కడో ఆగే ఆటకు అలవాటు పడ్డ స్కాట్లు ఈ లండన్ మైదానాలను చూసి ముక్కు విరవడంలో ఆశ్చర్యం లేదు.

అప్పట్లో మైదానం గీసే పద్ధతి కూడా ముతకగానే ఉండేది. స్కాట్లండ్ నుంచి వృత్తి ఆటగాణ్ని రప్పించేవాళ్లు. ఆయన పొలమంతా ఒకసారి నడిచి, టీలకూ గ్రీన్‌లకూ గుర్తులు పాతి, కూలి పుచ్చుకుని రైలెక్కేవాడు. దారికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు మట్టికట్ట, దాని ముందు కందకం. దాన్ని దాటించగలిగితే సరే, దాటించలేకపోతే అందులో పడి ఏడవాలి. ఈ పని చేసేవాళ్లలో బాగా పేరున్నవాడు టామ్ డన్. గోల్ఫే కులవృత్తి అనదగ్గ కుటుంబంలో పుట్టాడు, ఇంగ్లండ్‌లో లెక్కలేనన్ని మైదానాలు గీశాడు. ఆ అడ్డుగోడల పద్ధతికి ఇవాళ అందరూ ఆయన పేరే చెబుతారు.

ఎవరికీ అక్కర్లేని బీడు

లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి నైరుతి దిక్కుగా రైలెక్కితే 24 మైళ్లలో వోకింగ్ వస్తుంది. ఇళ్లూ తోటలూ దాటుతున్న కొద్దీ నేల రంగు మారడం కిటికీలోంచే తెలుస్తుంది. నల్లటి మట్టి పోయి బూడిదరంగు ఇసుక, ఆ ఇసుకలో దేవదారు జాతి చెట్లు, తెల్లబెరడు బర్చ్ చెట్లు. ఈ పొరను భూగర్భ శాస్త్రవేత్తలు బాగ్‌షాట్ ఇసుక అంటారు. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రమూ నదీముఖాలూ ఇక్కడ పరిచి వెళ్లిన ఇసుక ఇది. గోల్ఫ్ సముద్రాన్ని వదిలి వచ్చిందని మొదట అన్నాను. నిజానికి అది ఇంకా పాత తీరం ఒకదాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఈ నేలలో నీరు నిలవదు. వాన నీటితో పాటే సారమూ కిందికి జారిపోతుంది. కరిగిన ఇనుము అడుగున చేరి గట్టి పొరగా బిగుసుకుంటుంది. పైన మిగిలేది పులుపెక్కిన, తిండిలేని ఇసుక. గోధుమ వేస్తే మొలక దండగ. తట్టుకుని బతికేవి కొన్నే: మోకాలెత్తు పొద హెదర్, పచ్చటి పూల ముళ్లకంప గోర్స్, వెంట్రుకల్లాంటి సన్న గడ్డి. ఇలాంటి నేలనే ఇంగ్లిష్‌వాళ్లు హీత్ అంటారు. 18వ శతాబ్దంలో దేశమంతా తిరిగి రాసిన డేనియల్ డీఫోకు బాగ్‌షాట్ హీత్‌ను చూస్తే అరేబియా ఎడారి గుర్తొచ్చింది. ఆ తర్వాతి శతాబ్దంలో గుర్రం మీద పల్లెలు చూసిన విలియం కాబెట్ ఈ ప్రాంతాన్ని ఇంకా ఘాటుగా తిట్టిపోశాడు. ఇద్దరూ రైతు కళ్లతోనే చూశారు, రైతు లెక్కలో వాళ్లు అన్నది తప్పూ కాదు.

అయితే ఈ బీడు ప్రకృతి ఒక్కటే చేసింది కాదు. వేల ఏళ్ల కిందట, కంచు యుగం నాటి నుంచీ మనుషులు ఇక్కడి పలచటి అడవిని నరికి పశువులను తోలారు. తరవాతి తరాల పేదలు వంటచెరుకుకు గోర్స్ కొట్టుకున్నారు, పొయ్యిలోకి మట్టిపెళ్లలు కోసుకున్నారు, పాకల కప్పుకు హెదర్ కోసుకున్నారు. మేత, కోత ఆగకపోవడం వల్లే చెట్లు తిరిగి లేవలేదు. ఊరుమ్మడి హక్కు కింద పేదలకు అన్నం పెట్టిన నేల ఇది. ఖజానా లెక్కల్లో విలువ లేకపోయినా వాళ్ల బతుకులో దానికి విలువ ఉండేది.

శవాల కంపెనీ

1838లో లండన్ నుంచి రైలు వోకింగ్ దాకా వచ్చింది. అప్పుడక్కడ ఊరన్నది పెద్దగా లేదు, స్టేషన్ పేరే వోకింగ్ కామన్. రైలొచ్చిన పదేళ్లకు లండన్‌లో కలరా విరుచుకుపడింది. 1848, 49 సంవత్సరాల్లో శ్మశానాలు నిండిపోయాయి. పాత సమాధులు తవ్వి కొత్త శవాలను కుక్కే పరిస్థితి వచ్చింది. నగరం శవాలను రైల్లో దూరంగా తీసుకుపోయి పూడ్చడానికి లండన్ నెక్రోపొలిస్ కంపెనీ అనే సంస్థ పుట్టింది. 1852లో పార్లమెంటు దానికి చట్టం చేసి ఇచ్చింది. కంపెనీ ఈ హీత్‌లో 2000 ఎకరాలకు పైగా కొని, ఊరివాళ్ల ఉమ్మడి హక్కులకు డబ్బు కట్టి వాటిని చెల్లగొట్టేసింది. ఎన్నో తరాలుగా కంప కొట్టుకున్న పేదకు ఆ రోజుతో బీడు పరాయిదైంది.

1854 నవంబరులో బ్రుక్‌వుడ్ శ్మశానం తెరిచారు. వాటర్లూ దగ్గర సొంత స్టేషన్, సొంత రైలు. శవపేటికలకూ తరగతులున్నాయి, బంధువులకూ తరగతులున్నాయి. శవానికి వన్‌వే టికెట్, బంధువుకు రిటర్న్ టికెట్. చర్చి ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లకు ఒక స్టేషన్, మిగతా మతస్థులకు మరో స్టేషన్. బతికుండగా పాటించిన తేడాలను చచ్చాక కూడా జాగ్రత్తగా కాపాడారు.

కాని లెక్క తప్పింది. అనుకున్నన్ని శవాలు రాలేదు, కొన్న భూమిలో చాలా భాగం మిగిలిపోయింది. కంపెనీ దాన్ని ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టింది. ఎవరు కొన్నారో చూస్తే ఒక నగరం తన గుమ్మం దగ్గర ఏవేవి వద్దనుకుందో తెలిసిపోతుంది: ఖైదీలకు జైళ్లు, మతిస్థిమితం తప్పినవాళ్లకు బ్రుక్‌వుడ్ ఆసుపత్రి, ముసలి నటులకు ఆశ్రమం. 1878లో సర్ హెన్రీ థాంప్సన్ నాయకత్వంలోని దహన సంస్కార సంఘం ఇక్కడే ఒక ముక్క కొంది. శవాన్ని కాల్చడం అంటే అప్పటి ఇంగ్లండ్‌కు ఒళ్లు జలదరించే సంగతి. 1879లో కొలిమిని గుర్రం కళేబరంతో పరీక్షించి చూశారు. చుట్టుపక్కల జనం గోల పెట్టారు, హోం మంత్రి అడ్డుపడ్డాడు. 1885 మార్చిలో గాని తొలి మనిషి దహనం జరగలేదు. మన ఊళ్లలో తరతరాలుగా మామూలుగా సాగిపోతున్న పనికి ఆ దేశంలో ఏడేళ్ల పోరాటం కావలసివచ్చింది.

లాయర్లు వచ్చారు

1893లో ఈ బీడుకు కొత్త రకం గిరాకీ తగిలింది. లండన్ టెంపుల్ ప్రాంతపు బారిస్టర్లు కొందరు కలిసి గోల్ఫ్ క్లబ్ పెట్టారు. కోర్టు ముగిశాక రైలెక్కితే పొద్దుండగానే బంతి కొట్టవచ్చు. బురద లేదు. వాన వెలిసిన కాసేపటికే నేల ఆరిపోతుంది. సన్న గడ్డి దానంతటదే పొట్టిగా పెరుగుతుంది. రైతుకు శాపమైన ప్రతి గుణమూ గోల్ఫర్‌కు వరమైంది. కంపెనీకీ లాభమే. పక్కనే హుక్ హీత్ మీద పెద్ద పెద్ద బంగళాల లేఅవుట్ వేసుకుని, గోల్ఫ్ మైదానం పక్కన ఇల్లు అనే ఆశ చూపి స్థలాలు అమ్ముకుంది. రియల్ ఎస్టేట్ వ్యాపారికి ఈ ఎత్తు అప్పటికే తెలుసన్నమాట.

గీయడానికి పిలిచింది టామ్ డన్‌నే. ఆయన తన అలవాటు ప్రకారమే అడ్డుకట్టలు కట్టించాడు. అలా వోకింగ్ సర్రే హీత్ మైదానాల్లో తొలిది అయింది. అంతటితో ఆగితే దానికి చరిత్రలో ఒక పంక్తి దక్కేది. ఒక అధ్యాయం దక్కడానికి కారణం ఆ తర్వాత క్లబ్బులో చేరిన ఇద్దరు సభ్యులు.

నాలుగో హోల్

ఇవాళ వోకింగ్ మైదానానికి వెళ్లే సందర్శకుడికి ముందుగా కనిపించేది క్లబ్ భవనం. రాజభవనమేమీ కాదు. క్రికెట్ పెవిలియన్ తరహాలో, వరండాతో, పొందికగా ఉంటుంది. 14వ హోల్ గ్రీన్ దాన్ని ఆనుకునే ఉంటుంది. వరండాలో కూర్చున్నవాళ్లు టీ తాగుతూ మీ బంతి తీరును పరీక్షిస్తారు. కోర్టులో జడ్జి ముందు తడబడని లాయరు కూడా ఇక్కడ తడబడడానికి వీలుంది. ఆగస్టు నెలాఖరులో వెళ్తే ఫెయిర్‌వేలకు రెండు పక్కలా హెదర్ ఊదారంగులో పూసి ఉంటుంది. చూడ్డానికి ఎంత మెత్తగా ఉంటుందో బంతికి అంత కఠినం. దాని వేళ్ల వంటి కొమ్మలు కర్రను పట్టుకుని మణికట్టు తిప్పేస్తాయి. ఇక్కడి 16వ హోల్‌లో చెరువు దాటించాలి. కొత్తవాళ్ల కళ్లు ఆ చెరువు మీదే ఉంటాయి. విషయం తెలిసినవాళ్లు మాత్రం నేరుగా నాలుగో హోల్ టీ మీదికి వెళ్లి నిలబడతారు.

అక్కడ నిలబడితే కుడిపక్కన పొడుగునా రైలు కట్ట. లండన్ నుంచి నైరుతికి పోయే రైళ్లు వినిపిస్తూనే ఉంటాయి. ఆ కంచె దాటితే బంతి ఆట బయటే. ఎడమపక్కన విశాలమైన పచ్చిక. నడుమ, సరిగ్గా మంచి దెబ్బ పడే చోట, ఫెయిర్‌వే మధ్యలో బంకర్. ఇవాళ్టి కళ్లకు అందులో వింతేమీ ఉండదు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో మాత్రం దాన్ని చూసిన సభ్యులకు ఒళ్లు మండిపోయింది.

దాన్ని అక్కడ తవ్వించినవాళ్లు స్టూవర్ట్ పేటన్, జాన్ లో. లో పేరున్న ఆటగాడు. 1901లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన అమెచ్యూర్ చాంపియన్‌షిప్ ఫైనల్లో హెరాల్డ్ హిల్టన్ చేతిలో ఒక్క హోల్ తేడాతో ఓడాడు. 1898లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ గోల్ఫింగ్ సొసైటీ పుట్టడానికి కారకుడు. ఆటలోని నియమాల లోతు ఎరిగినవాడు. పేటన్ దేశానికి అంతగా తెలియని మనిషి. కాని వోకింగ్‌లో ఆయన మాటకు తిరుగులేదు. దశాబ్దాలపాటు ఆ మైదానంలోని గ్రీన్‌లనూ బంకర్లనూ కొద్దికొద్దిగా మారుస్తూ పోయాడు.

వాళ్లు నమూనాగా తీసుకున్నది సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలోని 16వ హోల్. అక్కడా కుడిపక్కన రైలు కట్టే ఉండేది. నడుమ ప్రిన్సిపల్స్ నోస్ అనే బంకర్ల గుంపు. అది ఎవరో ఆలోచించి పెట్టింది కాదు, కాలక్రమంలో అలా ఏర్పడింది. సముద్రపు ఒడ్డున కాలం చేసిన పనిని వోకింగ్ బీడులో ఈ ఇద్దరూ తెలిసి తెలిసి, పారతో చేయించారు.

దాని మర్మం ఏమిటి? ఎడమకు కొడితే భయం లేదు, చోటు చాలా ఉంది. కాని అక్కణ్నుంచి గ్రీన్ మీద బంతి నిలబెట్టడం కష్టం. ఎందుకంటే గ్రీన్ వాలు కుడివైపు నుంచి వచ్చే బంతికే అనుకూలంగా మలిచారు. కుడికి, అంటే బంకర్‌కూ రైలు కట్టకూ మధ్య ఉన్న ఇరుకు సందులోకి కొట్టగలిగితే రెండో దెబ్బ తేలిక. కాస్త పక్కకు జరిగితే ఇసుక, ఇంకాస్త జరిగితే రైలు పట్టాలు. తిన్నగా కొడతానంటే నడుమ గుంట ఎదురుచూస్తోంది. ఇంతకుముందు టీ మీద నిలబడ్డవాడికి ఉన్న ప్రశ్న ఒకటే: దాటించగలనా? ఇప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది: ఏ దారిన పోవాలి? గాలి ఎటు వీస్తోంది, ఎదుటివాడు ఎన్ని హోల్స్ ముందున్నాడు, ఇవాళ నా చెయ్యి ఎలా ఉంది అన్నవన్నీ లెక్కలోకి వచ్చాయి.

సభ్యుల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. తిన్నగా, బాగా కొట్టినవాణ్ని శిక్షించడమేమిటి? తప్పు చేసినవాడికి కదా బంకర్? లాయర్లు ఎక్కువగా ఉన్న క్లబ్బులో ఈ ప్రశ్న ఎంత గట్టిగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. లో ఆలోచన వేరు. కంటికి కనిపిస్తూనే ఉన్న గుంటలోకి కొట్టి, గుంటది అన్యాయం అనడం కుదరదు. అది ఎక్కడుంటేనేం, దాన్ని తప్పించుకునే దారి వెతకడమే ఆట. 1903లో అచ్చయిన తన గోల్ఫ్ పుస్తకంలో ఈ దృష్టినే ఆయన విడమరిచి రాశాడు. శిక్ష కోసం గీసిన మైదానానికీ ఎంపిక కోసం గీసిన మైదానానికీ మధ్య గీత ఇక్కడ పడింది. గత వందేళ్లలో ప్రపంచంలో కట్టిన మంచి మైదానాలన్నీ ఆ గీతకు రెండో వైపునే ఉన్నాయి.

ఒక బంకర్, ఒక శిష్యుడు

ఆ గుంటను తిట్టుకుంటూ చూడబోయినవాళ్లలో టామ్ సింప్సన్ అనే యువ సభ్యుడు ఒకడు. కేంబ్రిడ్జ్‌లో న్యాయశాస్త్రం చదివిన కలవారి బిడ్డ. చుట్టూ తిరిగి చూశాడు, ఎక్కడ పడితే ఏమవుతుందో ఆలోచించాడు. కోపంతో వెళ్లినవాడు శిష్యుడై తిరిగొచ్చాడు. ఆ తరవాత మైదానాల రూపకల్పనే జీవితంగా పెట్టుకున్నాడు. పారిస్‌కు ఉత్తరాన ఇలాంటి ఇసుక హీత్ మీదే ఆయన గీసిన మోర్‌ఫొంతేన్ ఇవాళ్టికీ ఐరోపా ఖండపు గొప్ప మైదానాల్లో ఒకటి. 1929లో హెచ్.ఎన్. వెదరెడ్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం ఈ విద్యకు ఇప్పటికీ పాఠ్యగ్రంథం లాంటిది.

వోకింగ్‌కు దక్కిన ఇంకో అదృష్టం బెర్నార్డ్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ మనవడు. ఆయనా లాయరే, వకాలత్ మానేసి కలం పట్టాడు. 1907 నుంచి 1953 దాకా ద టైమ్స్ పత్రికకు గోల్ఫ్ రచయిత. క్రీడావార్తను సాహిత్యం పక్కన కూర్చోబెట్టినవాళ్లలో ఆయన్ని ముందు చెప్పుకోవాలి. 1922లో అమెరికాలో జరిగిన తొలి వాకర్ కప్ పోటీకి విలేకరిగా వెళ్తే, బ్రిటన్ జట్టు నాయకుడు జబ్బుపడ్డాడు. డార్విన్ బదులు దిగి, తన సింగిల్స్ ఆట గెలిచి, ఆ వార్తా తనే రాశాడు. అలాంటి మనిషి సొంత క్లబ్ వోకింగ్. ఆ నాలుగో హోల్ వాదం నాలుగు గోడలు దాటి లోకానికి తెలియడంలో ఆయన కలం బలం చాలా ఉంది.

హీత్ పొడుగునా

కాలం కూడా కలిసొచ్చింది. సరిగ్గా అప్పుడే రబ్బరు దారం చుట్టిన కొత్త బంతి వచ్చింది. 1902 ఓపెన్ చాంపియన్‌షిప్‌లో శాండీ హెర్డ్ దానితోనే గెలిచాడు. పాత గట్టి బంతి కన్నా అది దూరం పోతుంది. చిన్న మైదానాలు చాలకుండా పోయాయి. విశాలంగా పరుచుకున్న హీత్‌కు ఇంకా గిరాకీ పెరిగింది. 1901లో రెండుసార్లు ఓపెన్ విజేత విల్లీ పార్క్ జూనియర్ గీసిన సన్నింగ్‌డేల్ తెరిచారు. ఆ నేల కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీది. దాని తొలి కార్యదర్శి హ్యారీ కోల్ట్, ఆయనా లాయరుగా మొదలుపెట్టినవాడే. 1904లో హెర్బర్ట్ ఫౌలర్ గీసిన వాల్టన్ హీత్ వచ్చింది. వృత్తి ఆటగాడు జేమ్స్ బ్రెయిడ్ అక్కడ 1904 నుంచి 1950లో చనిపోయే దాకా కొలువు చేశాడు. రాజకీయ నాయకులకు అది రెండో పార్లమెంటు. ఆ పక్కనే లాయిడ్ జార్జ్ కోసం కడుతున్న ఇంటిని 1913 ఫిబ్రవరిలో స్త్రీల ఓటు హక్కు ఉద్యమకారిణులు బాంబుతో పేల్చారు.

స్త్రీల మాట వచ్చింది కాబట్టి వోకింగ్ పొరుగువాళ్ల సంగతీ చెప్పుకోవాలి. అదే హీత్ మీద వెస్ట్ హిల్, వోర్‌పుల్స్‌డన్ అనే మరి రెండు మైదానాలు కొద్ది ఏళ్లలోనే పుట్టాయి. వోకింగ్‌తో కలిపి వాటిని మూడు డబ్ల్యూలు అంటారు. పురుషుల క్లబ్బుల తలుపు దగ్గర నిలబడి విసిగిన రోజుల్లో వెస్ట్ హిల్ స్థాపనకు చొరవ చూపింది లబక్ అనే ఒక మహిళ. వోర్‌పుల్స్‌డన్‌లో 1921 నుంచి స్త్రీ, పురుషుడు జంటగా ఒకే బంతిని వంతులవారీగా కొట్టే పోటీ మొదలైంది. జాయిస్ వెదరెడ్ దాన్ని 8 సార్లు గెలిచింది, ప్రతిసారీ జోడీ ఒకరే కాదు. 1933లో ఆమె పక్కన ఆడింది మన బెర్నార్డ్ డార్వినే.

వెస్ట్ హిల్ బ్రుక్‌వుడ్ శ్మశానానికి దగ్గర. శవాల రైలు టికెట్ ధరను పార్లమెంటు చట్టమే కట్టడి చేసింది, దశాబ్దాలు గడిచినా పెరగలేదు. మామూలు రైలు కన్నా చవక. దాంతో కొందరు గోల్ఫర్లు దుఃఖంలో ఉన్న బంధువుల్లా వేషం వేసుకుని ఆ రైలెక్కేవాళ్లని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ రైలు 1941 ఏప్రిల్‌లో లండన్ స్టేషన్ మీద జర్మన్ బాంబులు పడే దాకా నడిచింది.

హైదరాబాద్ పేరు

వోకింగ్‌లో దిగిన తెలుగువాళ్లు మైదానం నుంచి తిరిగి వస్తూ స్టేషన్ అవతల ఓరియంటల్ రోడ్డు వైపు వెళ్లి చూడాలి. ముసలి నటుల ఆశ్రమం కోసం కట్టిన భవనం మూతపడ్డాక, 1884లో లైట్నర్ అనే భాషా పండితుడు దాన్ని తీసుకుని ప్రాచ్య విద్యాసంస్థ పెట్టాడు. దాని పక్కన భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ఇచ్చిన సొమ్ముతో 1889లో మసీదు లేచింది. మసీదుగానే కట్టిన కట్టడాల్లో బ్రిటన్‌లో తొలిది అదే. దాన్ని ఆనుకుని ఉన్న ఇంటి పేరు సర్ సాలార్ జంగ్ స్మారక భవనం. 1853 నుంచి 1883లో చనిపోయే దాకా నిజాం సంస్థానానికి దివానుగా ఉండి, పాలనను గాడిన పెట్టిన సాలార్ జంగ్ పేరు అది. ఆయన 1876లో ఇంగ్లండ్ వెళ్లి వచ్చాడు. హైదరాబాద్ మ్యూజియం వల్ల మనకు ఎక్కువగా తెలిసింది ఆయన మనవడు మూడో సాలార్ జంగ్. తాత పేరు మాత్రం ఈ సర్రే ఇసుకలో నిలిచింది.

ఊరికి మరో పక్క హార్సెల్ కామన్ ఉంది. హెచ్.జి. వెల్స్ వోకింగ్‌లో కాపురమున్న రోజుల్లో రాసిన ద వార్ ఆఫ్ ద వరల్డ్స్ నవలలో అంగారకవాసులు దిగేది అక్కడే. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన భారత ముస్లిం సైనికులను పూడ్చిందీ అక్కడే. వాళ్ల అవశేషాలను 1968లో బ్రుక్‌వుడ్‌కు తరలించారు.

లెక్క తేలితే

ఇంగ్లండ్ మైదాన ప్రాంతాల్లో 1800 నాటికి ఉన్న హీత్‌లో ఇప్పుడు మిగిలింది కొద్దిపాటే. 5 వంతుల్లో 4 వంతులకు పైగా పోయింది. కొంత ఇళ్ల కింద, కొంత ఎరువులు వచ్చాక పంటల కింద, కొంత కలప తోటల కింద. మేత, కోత ఆగినచోట చెట్లే కమ్మేశాయి. మిగిలిన ముక్కలు ఎక్కడున్నాయని చూస్తే సైన్యం గుళ్లు పేల్చుకునే చోట్ల, ప్రజలు పోరాడి కాపాడుకున్న ఉమ్మడి భూముల్లో, ఇదిగో ఈ గోల్ఫ్ మైదానాల్లో. నేల మీదే గూడు పెట్టుకునే రాత్రి పిట్ట నైట్‌జార్, గోర్స్ పొదల్లో ఉండే డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్, ఇసుక బల్లి లాంటివాటికి ఇవే దిక్కు. గోల్ఫ్ క్లబ్బులూ ఇందులో తప్పు చేయకపోలేదు. యుద్ధాల తర్వాతి దశాబ్దాల్లో పెరిగే చెట్లను పెరగనిచ్చి, అదే అందమనుకున్నాయి. నీడ కింద హెదర్ చచ్చింది. ఇప్పుడు హీత్ మైదానాలు చెట్లు కొట్టించి హెదర్‌ను తిరిగి తెప్పిస్తున్నాయి. చెట్టు కొట్టడం పర్యావరణ సేవ అంటే మనకు వింతగా తోస్తుంది. ఈ నేల విషయంలో మాత్రం అది నిజం.

నా తీర్పు ఇది. గోల్ఫ్ ఈ బీడును కాపాడింది, కాని ఉచితంగా కాదు. ఒకప్పుడు ఊరందరిదిగా ఉండి, చట్టంతో కంపెనీదైన నేల చివరికి కొద్దిమంది చందాదారుల చేతికి వచ్చింది. కంప కొట్టుకున్న పేదల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. మరోవైపు ఆ లాయర్లు రాకపోతే ఇక్కడ హెదర్ బదులు ఇటుకలు ఉండేవి. ఒక బంకర్ గురించి అంత పట్టుదలగా వాదించుకోకపోతే గోల్ఫ్ మైదానం గీయడం అనే విద్య అంత త్వరగా తయారయ్యేదీ కాదు. సారం లేని నేలకు విలువ లేదని రాసేముందు, ఆ విలువ ఎవరి లెక్కలో లేదో అడగడం చరిత్ర చదివేవాళ్ల పని.

వచ్చే భాగంలో హ్యారీ కోల్ట్ వెంట సన్నింగ్‌డేల్ వెళ్దాం. అక్కడ 1926లో బాబీ జోన్స్ 33 దెబ్బలు, 33 పుట్‌లతో (గ్రీన్ మీద హోల్ వైపు బంతిని దొర్లించే దెబ్బ పుట్) 66 కొట్టిన రౌండు సంగతి, కోల్ట్‌తో పరిచయమైన అలిస్టర్ మెకెంజీ అనే వైద్యుడు అమెరికా వెళ్లి బాబీ జోన్స్‌తో కలిసి ఆగస్టా నేషనల్ గీసిన కథ చెప్పుకుందాం.

(సశేషం)